పెళ్ళికూతుళ్ళకు పొగ పట్టించే దారుస్సలాం

ఛీ, ఆ వాసన ఇప్పటికీ నా ముక్కును వదలలేదు. మందుల షాపు వాసన, దాని మీద చవకబారు గులాబీ అత్తరు, అడుగున ఎక్కడో పాడైపోయిన వెన్న. ఆ మూడూ కలిసి కంపు కొట్టే డబ్బాను సంతలో కొనుక్కొచ్చింది నేనే. మా అక్క కూతురి మొహానికి పూసిందీ నేనే. నింద మోసింది మాత్రం దారుస్సలాం. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి, ఆఖర్న ముక్కు చీదుకుంటూ బయటపెట్టే మనుషులంటే నాకు ఒళ్ళు మంట.

నా పేరు ఇన్సాఫ్. ఒమ్దుర్మాన్ ఊళ్ళో నది వైపు అబూరోఫ్ వాడ మాది. దారుస్సలాం మా వెనక సందు మనిషి, నాకంటే పది పన్నెండేళ్ళు పెద్దది. ఆమె సందు మలుపు తిరక్కముందే లవంగాలూ, పొగా కలిసిన వాసన వచ్చేది. పొడుగ్గా, ఎముకలగూడులా ఉండేది. గబగబా నడిచేది. ఎవరికీ తియ్యగా మాట్లాడేది కాదు. పెళ్ళికూతుళ్ళకు పొగ పట్టించడం ఆమె పని.

పెళ్ళి నెల ఉందనగా పిల్లను గడప దాటనివ్వం. పెరటి గదిలో నేలలో చిన్న గుంట, అందులో తల్హ్ తుమ్మ కట్టె రాజేసి, మంట ఆర్పి, పొగ లేపుతారు. పిల్ల ఒంటి మీద నూలుపోగు లేకుండా మేక వెంట్రుకల కంబళి కప్పుకుని ఆ గుంట మీద కూర్చుంటుంది. తల బయటే ఉంటుంది. చెమట ధారలు కడుతుంది. రోజూ ఇలా కూర్చుంటే ఒళ్ళు పసుపు తేలుతుంది. అప్పుడు జొన్నపిండిలో లవంగం, గంధం కలిపి వారం రోజులు పొగలో ఊరబెట్టిన ముద్దతో ఒళ్ళు రుద్దుతారు. పాత తోలంతా నల్లటి పోగులై రాలిపోతుంది. ఆఖరి రోజుల్లో తల కూడా కంబళి లోపలికి లాగి మొహానికి కాస్త పొగ తగలనిస్తారు. మొహం రంగూ ఒంటి రంగూ కలవాలి కదా మరి.

దారుస్సలాం ఈ పని ముప్పై ఏళ్ళు చేసింది. ఒక్క పిల్ల ఒంటి మీద ఒక్క బొబ్బ లేవలేదు. ఆమెకున్నవి పెచ్చులూడిన గది ఒకటి, నులక మంచం ఒకటి, మేకలు రెండు. అవి కాక ఆమెకు మిగిలిందల్లా ఆ పేరు. ‘దారుస్సలాం చేతిలో పెడితే పిల్లకు భయం లేదు’ అనే పేరు. దాన్ని నేను తీసుకెళ్ళి పెంటలో పారేశాను.

ఆమె మొహం నిండా గుంటలుండేవి. బుగ్గల మీద, నుదుటి మీద, ముక్కు కొసన కూడా ఒకటి. కొత్తవాళ్ళు చూసి మొహం తిప్పుకునేవాళ్ళు. "చూడండమ్మా చూడండి, పైసా ఖర్చు లేదు" అనేది ఆమె, రుద్దడం ఆపకుండానే.

ఆ గుంటల కథ వాడలో అందరికీ తెలుసు. ఆమెకు పదహారేళ్ళప్పుడు పెళ్ళి కుదిరింది. పెళ్ళి ముందర ఆటలమ్మ వచ్చింది. ఒళ్ళంతా పొక్కులు, తర్వాత పక్కులు. పక్కులింకా రాలకముందే మేనత్త కంగారుపడింది. పొగ తగిలితే పక్కులెండి అవే రాలిపోతాయని, పిల్ల తలతో సహా కంబళి కప్పి గుంట మీద కూర్చోబెట్టింది. పైగా ముద్ద పెట్టి రుద్దింది. పక్కులన్నీ పచ్చిగా ఊడొచ్చాయి. చీము పట్టింది. మొహం మీద ఈగలు వాలకుండా వాళ్ళమ్మ పగలంతా విసనకర్రతో కూర్చునేదట. పెళ్ళివారు వచ్చి ఏమిటిదని అడిగితే మేనత్త ఏమందో తెలుసా? "నా పొగలో తప్పేముంది? పిల్ల రక్తమే మంచిది కాదు. లోపల్నుంచే వచ్చింది" అంది. రక్తం అనే మాట వినగానే పెళ్ళివారు లేచి వెళ్ళిపోయారు. థూ, ఆ మేనత్త నోరు! తర్వాతెప్పుడో ఒక రెండో పెళ్ళివాడు చేసుకున్నాడు, ఏడేళ్ళకు పోయాడు. పిల్లల్లేరు.

"అంత జరిగాక మళ్ళీ ఈ పనే ఎందుకు పట్టుకున్నావక్కా?" అని ఒకసారి అడిగాను.

"నేను పట్టుకోకపోతే మా అత్తలాంటిదే ఇంకొకతి పట్టుకుంటుంది కదే" అంది.

ఆమెకొక నియమం ఉండేది. ఆటలమ్మ వచ్చిన పిల్లకైతే, ఆఖరి పక్కు రాలిన రోజు నుంచి నలభై రోజులు మొహానికి పొగ తగలనివ్వదు. ఎవరు కాళ్ళు పట్టుకున్నా సరే.

ఇక మా పిల్ల సంగతి. మా అక్క రౌదా కూతురు తుమాదిర్. ఇరవై రెండేళ్ళది. పసిపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. పెళ్ళి ఎనిమిది వారాలుందనగా ఆ బడిలోనే ఆటలమ్మ అంటించుకొచ్చింది. పెద్దవాళ్ళకు వస్తే చిన్నపిల్లలకు వచ్చినట్టు కాదు. కనురెప్పల మీద, చెవుల్లో, నాలుక మీద కూడా పొక్కులే. మా అక్క గుండెలు బాదుకుంది.

పిల్ల బతుకుతుందా లేదా అని కాదు ఆ ఏడుపు. పెళ్ళి మర్నాడు మాకు పెళ్ళికూతురి ఆట ఉంటుంది. ఆడవాళ్ళే ఉంటారు, రెండొందల మంది. డప్పు మోగుతుంటే పిల్ల మొహం మీద కప్పిన ఎర్ర పట్టు తీస్తారు. అందరి కళ్ళూ మొదట పడేది మొహం మీదే. ఆ రోజు ఏ వంక కనబడితే ఆ వంక ఆ పిల్లకు ముసలితనం దాకా అడ్డపేరు. మా ఆడవాళ్ళ నోళ్ళ గురించి నాకు తెలుసు, నాదీ ఆ నోరే.

మా అక్క దారుస్సలాంను పిలిపించింది. ఆమె తుమ్మకాయలు నానబెట్టిన నీళ్ళతో మొహం కడిగింది. దురదకు పిల్ల గోళ్ళు పైకెత్తితే చేతి మీద ఒక్కటిచ్చింది.

"గిల్లావంటే చేతులు మంచానికి కట్టేస్తా, ఏమనుకున్నావో."

"దురదగా ఉంది పెద్దమ్మా, చచ్చిపోతున్నాను."

"చావవు. దురదకి ఎవరూ చావలేదు. నా మొహం చూడు, గిల్లితే ఏమవుతుందో తెలుస్తుంది."

మూడో వారానికి పక్కులు రాలాయి. మొహం నిండా గోధుమరంగు మచ్చలు మిగిలాయి, నుదుటి మీద మూడు గుంటలు. దారుస్సలాం పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసింది.

"మచ్చలు పోతాయి. నీడపట్టున ఉండాలి, సాయంత్రం నువ్వులనూనె రాయాలి. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. ఈ గుంటలు మూడూ పోవు. పోతాయని ఎవరైనా చెప్తే ఆ మనిషిని గుమ్మం తొక్కనివ్వకండి. ఒంటికి పొగ పెడతాను. మొహానికి పెట్టను."

"పెళ్ళి ఐదు వారాల్లో ఉంటే ఏడాదంటావేంటి అక్కా! మంచి మాట ఒక్కటైనా రాదా నీ నోట్లోంచి?" అన్నాను.

"తోలుకి నీ పెళ్ళి తారీఖు తెలీదమ్మా" అంది.

అదే వారంలో పెళ్ళికొడుకు తల్లి బిల్గీస్ చూడ్డానికి వచ్చింది. అటు ఒడ్డున ఖార్టూమ్‌లో పెద్ద ఇల్లు వాళ్ళది. కూర్చుంది, టీ తాగింది, పిల్లను ఎగాదిగా చూసింది. "ఏం పర్లేదులెండి. మావాడు ఫోటోలో చూసిన పిల్ల వేరే అనుకుంటాడు, అంతేగా" అని నవ్వింది. మేమూ నవ్వాం. ఛీ, ఎందుకు నవ్వామో. ఆమె వెళ్ళాక తుమాదిర్ అద్దం తీసి మంచం కింద పెట్టేసింది.

మర్నాడు నేను సంతకు వెళ్ళాను.

ఆ కొట్టు చెప్పుల కొట్టంత ఉంటుంది. లోపల కూర్చున్న పిల్లదాని మొహం ఒలిచిన గుడ్డులా తెల్లగా ఉంది. వేళ్ళ కణుపులు మాత్రం బొగ్గు. నా కణుపులూ అంతే. ఎందుకంటే ఆరేళ్ళుగా నేనూ అక్కడి సరుకే పూసుకుంటున్నాను. మొహం తెల్లబడుతుంది, కణుపులు మాట వినవు. ఆ పిల్లది నాలుగు రకాల ట్యూబులు పిండి, పేరులేని పొడి ఒకటి చల్లి, ప్లాస్టిక్ బకెట్‌లో గరిటెతో కలుపుతోంది. బకెట్ అంచున నిన్నటి సరుకు పొరలు కట్టి పచ్చబడి ఉంది. అందులో ఈగ పడింది. గోటితో తీసి పారేసి, అదే గోటితో అంచు గీరి మళ్ళీ కలిపింది. అయినా నిలబడ్డాను.

"ఎవరికి పిన్నిగారూ?"

"పెళ్ళికూతురికి. ఆటలమ్మ మచ్చలు."

"అయితే పన్నెండు రోజుల రకం ఇస్తాను. ఎండలోకి పోకూడదు. పొయ్యి దగ్గరికి పోకూడదు. మధ్యలో మానకూడదు."

పొయ్యి దగ్గరికి పోకూడదు అని ఆ పిల్లది స్పష్టంగా చెప్పింది. నేను విన్నాను. మా పెళ్ళికూతురికి వంట పని ఎక్కడిదిలే అనుకున్నాను. అంతే నా బుర్రకు తట్టింది.

ఆ సాయంత్రం తలుపు గడియ పెట్టి తుమాదిర్ మొహానికి పూశాను. పిల్ల ముక్కు మూసుకుంది.

"ఏంటి పిన్నీ ఇది, చచ్చిన ఎలక కంపు కొడుతోంది!"

"కళ్ళు మూసుకో. నోరు కూడా మూసుకో. దారుస్సలాంకి చెప్పావో, నీ పెళ్ళిలో నేను అడుగు పెట్టను."

మా అక్క అక్కడే ఉంది. గోడ వైపు తిరిగి బట్టలు మడతపెడుతూ కూర్చుంది.

ఎనిమిదో రోజుకు మచ్చలు వెలిశాయి. పన్నెండో రోజుకు మొహం పాలతో కడిగినట్టు తయారైంది. అయినా పెళ్ళి దాకా ఉండాలని పూత ఆపలేదు. గుంటలు మూడూ ఉన్నాయి కానీ వాటిని చూసేదెవరు? చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి ముక్కున వేలేసుకున్నారు. "దారుస్సలాం తుమ్మకాయ నీళ్ళలో ఏదో మహిమ ఉందే!" అన్నారు. ఆమె వచ్చే ముందల్లా నేను పిల్ల మొహం సబ్బుతో తోమి, నూనె రాసి, వాసన పోయిందో లేదో ముక్కు పెట్టి చూసి మరీ కూర్చోబెట్టేదాన్ని. దొంగతనం చేసేవాళ్ళకు కూడా అంత శ్రద్ధ ఉండదు.

దారుస్సలాంకు మాత్రం సంతోషం లేదు. పిల్ల చెంపను బొటనవేలితో నొక్కి చూసింది.

"ఉల్లిపొరలా ఉందేంటే ఇది? పన్నెండు రోజుల్లో పోయే మచ్చలు కావివి. ఏం రాశారు?"

"నువ్విచ్చిన నూనే."

"ఇన్సాఫ్, ఇటు చూడు. ఏం రాశారు?"

"వల్లాహీ, నూనె తప్ప ఏమీ లేదక్కా."

దేవుడి మీద ఒట్టు పెట్టాక మా వాళ్ళలో మళ్ళీ అడగరు. అడిగితే అవతలి మనిషిని అబద్ధాలకోరు అన్నట్టే, ఇంటికి ఇల్లే శత్రువవుతుంది. అది నాకు తెలిసే ఒట్టు పెట్టాను. ఆమె చూపు నా వేళ్ళ కణుపుల మీదికి వెళ్ళింది. నేను కొంగు లాగి కప్పుకున్నాను. "సరే, దేవుడి పేరు ఎత్తావు కదా" అని లేచి వెళ్ళింది.

పెళ్ళి మూడు రోజులుందనగా బిల్గీస్ మళ్ళీ వచ్చింది, ఇద్దరు ఆడపడుచుల్ని వెంటేసుకుని. మిట్టమధ్యాహ్నం దాటింది. తుమాదిర్ పొగగుంట మీద కూర్చుని ఉంది, తల బయట. మూడు వారాల పొగకు ఒళ్ళు మంచి పసుపు తేలింది. మెడ దగ్గర రంగు ఆగిపోయింది. పైన తెల్లటి మొహం. బిల్గీస్ చూసి పెదవి విరిచింది.

"ఇదేంటమ్మా, ఎవరి తలో తెచ్చి అతికించినట్టుంది! మొహానికి పొగ పెట్టరా మీ వైపు? మా కోడళ్ళందరికీ పెట్టారు."

దారుస్సలాం తల కూడా ఎత్తలేదు. "నలభై రోజులు కాలేదు. పెట్టను" అంది.

"జనం నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితే పిల్ల తోలు ఊడదు."

అప్పుడే పొద్దు వాలే వేళ చదివే అసర్ నమాజుకు పిలుపు వినబడింది. దారుస్సలాం చేతులు కడుక్కుని, "ఇప్పుడే వస్తా, ఎవరూ ముట్టుకోకండి" అని ముందు గదికి వెళ్ళింది.

బిల్గీస్ నా వైపు చూసింది. ఆ చూపులో మా వాడంతా, మా వంశమంతా ఎందుకూ పనికిరానిదైపోయింది. నాకు రోషం పొడుచుకొచ్చింది. లేచి కంబళి పైకి లాగి పిల్ల తల మీంచి కప్పేశాను. అంచులు నా చేతులతోనే బిగించి పట్టుకున్నాను.

"పిన్నీ, మండుతోంది."

"ఓర్చుకో, కాసేపు."

"పిన్నీ, నిజంగా మండుతోంది, తీయ్!"

"పెళ్ళంటే అలాగే ఉంటుందమ్మా" అంది బిల్గీస్ ఆడపడుచు. అందరం నవ్వాం. లోపల పిల్ల కాళ్ళు కొట్టుకుంటోంది. నేను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

నమాజు ముగించి వచ్చిన దారుస్సలాం గుమ్మంలోంచే కేక పెట్టింది. నన్ను పక్కకు తోసి కంబళి లాగి పారేసింది. తుమాదిర్ మొహం ఉడికిన మాంసంలా ఎర్రగా ఉబ్బిపోయింది. కుడి చెంప మీద కంబళి అంటుకుని, లాగినప్పుడు పొర ఊడొచ్చింది. నీరు కారుతోంది. వేడికి ఆ మందు కంపు తిరగబెట్టి గదంతా నిండింది. మందుల షాపు, గులాబీ, కుళ్ళిన వెన్న. నేను అక్కడే మూల వాంతి చేసుకున్నాను.

దారుస్సలాం కంబళి అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్క క్షణం. తర్వాత నా వైపు చూసింది. ఆమెకు అంతా తెలిసిపోయిందని నాకు తెలిసింది.

బిల్గీస్ అప్పటికే గోడకు ఆనుకుని నిలబడింది, మొహానికి పొగ పెట్టమన్నది తను కానట్టు. "ఇదేంటి? పొగకి ఇంతలా అవుతుందా ఎవరికైనా? పిల్ల ఒంట్లోనే ఏదో ఉంది. ఆ ఆటలమ్మ రక్తంలో ఉండిపోయిందేమో. మాకు ముందే చెప్పాలి కదా!" అంది.

రక్తం అన్న మాటకు దారుస్సలాం మొహం మారింది. ఆమె లేచి నిలబడి, బిల్గీస్‌కు ఎదురుగా వెళ్ళింది.

"పిల్లలో ఏమీ లేదు. పిల్ల బంగారం. కట్టె ఎక్కువ పెట్టాను, లెక్క తప్పాను. తప్పు నాది."

"నీదా?"

"నాదే. చెవులు లేవా? పదిమందికీ చెప్పుకో."

ఇక అక్కడ నేనేం చేశానో చెప్తాను. నోరు మూసుకుని కూర్చున్నా కొంత నయమే. కూర్చోలేదు. కేకలు విని పరిగెత్తుకొచ్చిన మా అక్క జుట్టు పీక్కుని దారుస్సలాం మీద అరుస్తుంటే నేనూ గొంతు కలిపాను. "నీ మొహం పాడైందని మా పిల్ల మొహం పాడు చేస్తావా?" అని అరిచాను. నా నోట్లో పురుగులు పడ. ఆమె చన్నీళ్ళలో గుడ్డ తడిపి పిల్ల మొహం మీద వేసి, ఆసుపత్రికి బండి పిలవమంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూడగానే "ఏ చెత్త పూశారు?" అని అడిగింది. బయట బిల్గీస్ కూర్చుని ఉంది. నేను తలుపు మూసి, గొంతు తగ్గించి నిజం చెప్పాను. డాక్టరమ్మ నన్ను తిట్టిన తిట్లు మా నాన్న కూడా తిట్టలేదు. చివరికి ఆవిడ చెప్పిన వైద్యం ఏమిటంటే, కాలిన చోట పూతమందు, నీడపట్టు, మానాక మామూలు నూనె, గిల్లకపోవడం, ఏడాది ఓపిక. దారుస్సలాం మొదటి రోజు చెప్పిందే.

పెళ్ళి నలభై రోజులు వాయిదా పడింది కానీ తప్పిపోలేదు. బిల్గీస్ తన చుట్టాలందరికీ "పిల్ల తప్పేముంది పాపం, ఆ పొగావిడ నిర్వాకం" అని చెప్పింది. తన పెద్దమనసు గురించి నాలుగు వీధుల్లో చెప్పుకునే అవకాశం దొరికింది మరి. ఆట రోజున తుమాదిర్ నల్లబడిన చెంపతోనే ఆడింది. ఎర్ర పట్టు తీయగానే రెండొందల నోళ్ళూ ఒక్కసారి "అయ్యో" అన్నాయి. ఎవరూ అడ్డపేరు పెట్టలేదు. అడ్డపేరు దారుస్సలాంకు పెట్టారు, మొహాలు కాల్చేది అని.

ఆమెను పిలవడం మానేశారు. మొదట ఒక ఇల్లు, తర్వాత మూడు, తర్వాత అందరూ. మేకలు పోయాయి. ముద్ద మాత్రం ఆమె చేతిదే కావాలి అందరికీ, దొంగచాటుగా చేయించుకుని తమ పేరు చెప్పుకుని పెళ్ళిళ్ళకు తీసుకెళ్ళేవాళ్ళు. ఆమె చేసిన ముద్దతో ఒళ్ళు రుద్దించుకుంటూ ఆమెను తిట్టిన పెళ్ళికూతురిని నేను నా కళ్ళతో చూశాను. చూసి లేచి వచ్చేశాను, అంతే.

ఏడాది గడిచాక ఒక రోజు పొద్దున్నే ఆమె గదికి వెళ్ళాను. నులక మంచం మీద కూర్చుని లవంగాలు దంచుతోంది. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"ఎందుకలా అన్నావక్కా ఆ రోజు?"

"నా పదహారో ఏట ఒక్క మనిషి, ఒక్కతంటే ఒక్కతి, తప్పు నాది అనుంటే నా బతుకు ఇంకోలా ఉండేది. ఎవరూ అనలేదు. ఆవిడ నోట రక్తం అన్న మాట రాగానే ఇక నాకేమీ కనబడలేదు."

"నేను అందరికీ నిజం చెప్పేస్తాను."

"ఎవరికి చెప్తావ్? ఇప్పుడు చెప్తే బిల్గీస్ ఆ పిల్లని మోసగత్తె అంటుంది. పిల్లకి నెల తప్పిందట కదా? ఊరుకో." దంచడం ఆపి నా మొహంలోకి చూసింది. "ముందు నువ్వా చెత్త మానెయ్. దాని మూలాన గడ్డం మొలుస్తోంది నీకు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఊరుకో అంది కదా అని ఊరుకున్నాను. హాయిగా ఊరుకున్నాను. ఆమె నా కోసం కాదు, పిల్ల కోసం అందని నాకు తెలుసు. అయినా ఆ మాటను నేను నాకు అనుకూలంగా దాచుకుని నాలుగేళ్ళు తిన్నాను, పడుకున్నాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను.

ఈ చలికాలంలో దారుస్సలాం పోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆమె తమ్ముడింట్లో పరామర్శకు వచ్చేవాళ్ళకు మూడు రోజులు చాపలు పరిచారు. రెండో రోజు నేనూ, తుమాదిర్ వెళ్ళాం. చేతులెత్తి ఫాతిహా చదువుకుని ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాం. తుమాదిర్ ఒళ్ళో మూడేళ్ళ కొడుకు. దాని మొహం మీద ఇప్పుడు మచ్చలేమీ లేవు. నుదుటి మీద ఆ మూడు గుంటలున్నాయి. వాటిని వాళ్ళాయన కూడా గమనించడట. బిల్గీస్ కూడా వచ్చింది, తెల్ల తోబ్ చీరలా చుట్టుకుని, అందరికంటే ముందు కూర్చుంది.

వీధికి కొత్తగా వచ్చిన సౌసన్ అనే ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది. వంగింది కానీ గొంతు తగ్గించలేదు.

"మీ పిల్ల మొహం కాల్చింది ఈవిడేనట కదా? అయినా వచ్చారే మీరు!"

పక్కన నలుగురూ తలలు తిప్పారు. తుమాదిర్ కొడుకు జుట్టు సవరిస్తూ ఆగిపోయింది. ఊరుకో అన్న మనిషి మట్టిలో ఉంది. పిల్ల కాపురానికి ఇక భయం లేదు. ఇప్పుడు కూడా నోరు విప్పకపోతే నేను మనిషినే కాను అనుకున్నాను.

"ఆవిడ కాదు" అన్నాను. గట్టిగానే అన్నాను. "కాల్చింది నేను. సంతలో మందు కొని పూసింది నేను. ఆవిడ వద్దంటే వినకుండా కంబళి కప్పి పట్టుకుంది నేను. దారుస్సలాం ఏ తప్పూ చేయలేదు."

సౌసన్ నా చెయ్యి పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆవిడకు.

"చూశారా, ఎంత మంచి మనసో! పోయినవాళ్ళ మీద మాట పడనివ్వడం లేదు."

"కాదు, నిజంగానే..."

"తెలుసులే తల్లీ, తెలుసు" అంది ఇంకొకావిడ, నా వీపు నిమురుతూ. "అలాంటి మనిషి కోసం కూడా తప్పు నెత్తినేసుకుంటున్నావు. దేవుడు చూస్తాడు."

"మా వియ్యపురాలి చెల్లెలు ఎప్పుడూ అంతే" అంది బిల్గీస్. "ఆ రోజు ఆ గదిలో నేనున్నానుగా. నా చెవులతో విన్నాను, ఆవిడే ఒప్పుకుంది, తప్పు నాదే అని."

తుమాదిర్ లేచి, కొడుకును చంకనేసుకుని, నా వైపు చూడకుండా బయటకు వెళ్ళిపోయింది. నేను ఇంకోసారి నోరు తెరిచాను. ఎవరో నా చేతిలో వేడి టీ గ్లాసు పెట్టారు. "పాపం, వణికిపోతోంది, ఇంకో చెంచా చక్కెర వెయ్యండే" అన్నారు. వేశారు. ఆ టీ నేను తాగాను.